నురుగు లెక్క



బొంగులూరు గేటు దగ్గర ఏ పూట నిలబడినా పెట్రోలు, డీజిలు ట్యాంకర్లు కనిపిస్తూనే ఉంటాయి. నాగార్జునసాగర్ రోడ్డు, ఔటర్ రింగు రోడ్డు కలిసే చోటది. కొన్ని బండ్లు ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ వైపు దిగిపోతాయి. కొన్ని ఔటర్ మీదే ముందుకు సాగుతాయి. ఇవి ఎక్కువగా సరుకు నింపుకునేది ఉత్తరాన చర్లపల్లి, ఘట్‌కేసర్ డిపోల్లో. ఘట్‌కేసర్‌కు విశాఖపట్నం రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా హిందుస్థాన్ పెట్రోలియం వాళ్ల పైపులైను ఉంది. సాగర్ రోడ్డు మీది బంకులో స్కూటరుకు పోయించుకునే పెట్రోలు సముద్రపు ఒడ్డు నుంచి భూమి లోపల ప్రయాణం చేసి వచ్చింది కావచ్చు.

బంకులో ట్యాంకు భూమిలో పాతిపెట్టి ఉంటుంది. డిపోలో అలా కుదరదు, అక్కడ పెద్ద ట్యాంకులన్నీ భూమి మీదే. 20 మీటర్ల వ్యాసం, 12 మీటర్ల ఎత్తు ఉన్న ట్యాంకును తీసుకుందాం. డిపోల లెక్కలో అదేమంత పెద్దది కాదు. అయినా నిండా పోస్తే 37 లక్షల లీటర్లు దాటి పడుతుంది. 20 వేల లీటర్ల లారీలు పెట్టి ఖాళీ చేయాలంటే 180కి పైగా ట్రిప్పులు. అది అంటుకుంటే ఏం చేస్తారన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

మంట అనగానే నీళ్లు గుర్తొస్తాయి. పెట్రోలు ట్యాంకులో నీళ్లు కొడితే అవి అడుక్కి పోతాయి, ఎందుకంటే పెట్రోలు నీటికన్నా తేలిక. పైన మంట మామూలుగా మండుతూనే ఉంటుంది. కింద నీళ్లు పెరిగేకొద్దీ పెట్రోలు మట్టం లేచి, చివరికి మండుతున్న పెట్రోలే ట్యాంకు అంచు దాటి పొర్లుతుంది. ఒక ట్యాంకు మంట ఆవరణంతా పరుచుకుంటుంది. అందుకే డిపోల్లో నీళ్లను ట్యాంకు బయటి గోడ చల్లబరచడానికి వాడతారు. లోపలి మంటకు వాడేది ఫోము, అంటే నురుగు.

అందులోనూ అధికభాగం నీళ్లే. 97 పాళ్ల నీటికి 3 పాళ్ల ఫోము ద్రావకం కలుపుతారు. కొన్ని రకాలకు 6 పాళ్లు కావాలి, మరికొన్నిటికి ఒక్క పాలు చాలు. ఆ మిశ్రమంలోకి గాలి చేరితే నురుగవుతుంది. గాలి బుడగల వల్ల అది పెట్రోలు మీద తేలుతుంది, పాల మీద మీగడలా పరుచుకుంటుంది. నిజానికి మండేది ద్రవం కాదు, దాని మీంచి లేచే ఆవిరి. నురుగు దుప్పటి ఆ ఆవిరిని కింద అణచిపెడుతుంది, గాలిని పైన ఆపుతుంది, అందులోంచి మెల్లగా దిగే నీరు పెట్రోలు పైపొరను చల్లబరుస్తుంది.

ఈ ఉపాయం పుట్టింది చమురు బావుల ఊళ్లోనే. కాస్పియన్ సముద్రపు ఒడ్డున బాకూలో పాఠాలు చెప్పుకునే అలెగ్జాండర్ లోరాన్ అనే రష్యన్ ఇంజనీరు అక్కడి చమురు మంటలు చూసి 1902 నుంచి ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1904 నాటికి పద్ధతి కుదిరింది. తొలి తరం నురుగులో వాడిన సరుకు వింటే ఇప్పటికీ చిత్రంగానే ఉంటుంది. సోడా ఒకవైపు, పటిక జాతి లవణం మరోవైపు. రెండూ కలిస్తే పొంగు. ఆ పొంగు చప్పున చల్లారిపోకుండా అతిమధురం సారం. కిరాణా కొట్టుకో, ఆయుర్వేదం దుకాణానికో రాసిచ్చిన చీటీలా ఉందనిపిస్తే తప్పు లేదు. తరవాత పశువుల గిట్టలు, కొమ్ములు, కోళ్ల ఈకలు ఉడికించి తీసిన ప్రొటీన్ ఫోము వచ్చింది. 1960లలో అమెరికా నౌకాదళం పరిశోధకులు ఫ్లోరిన్ రసాయనాలతో పెట్రోలు మీద పల్చటి నీటిపొరలా సాగే ఫోము తయారుచేశారు.  దాని సంగతి మళ్లీ చెప్పుకోవాల్సి ఉంది.

ట్యాంకు దగ్గరికి వెళ్లి చూస్తే ఏర్పాటు తెలుస్తుంది. ట్యాంకుల చుట్టూ ఆవరణ గోడ ఉంటుంది, దాన్ని డైకు అంటారు. ట్యాంకు పగిలినా సరుకు ఆ గోడ లోపలే నిలవాలి. ఫోము ద్రావకం, అందులో నీళ్లు కలిపే పరికరం గోడకు బయట సురక్షితమైన దూరంలో ఉంటాయి. అక్కణ్నుంచి పైపు ట్యాంకు గోడ వెంట పైకి పాకుతుంది. కొస దగ్గర చిన్న రంధ్రాలు, వాటికి జాలీ. ద్రావణం వేగంగా దూసుకుపోయేటప్పుడు అక్కడే గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ పైన ఫోము చాంబరు అనే ఇనప డబ్బా. అందులో ఒక గాజు బిళ్ల అడ్డం ఉంటుంది. మామూలు రోజుల్లో ట్యాంకులోని ఆవిరి పైపులోకి రాకుండా ఆపడం దాని పని. నురుగు ఒత్తిడి తగలగానే అది పగిలిపోవాలి. లోపలివైపు ఒక వంపు రేకు ఉంటుంది. నురుగు పెట్రోలు మధ్యలో దబ్బున పడకుండా గోడను ఆనుకుని జారేలా చేసేది అదే. జోరుగా పడితే నురుగు పెట్రోల్లో మునిగి, పెట్రోలు పూసుకుని పైకి తేలుతుంది. అలాంటి నురుగు మంటను ఆర్పకపోగా తానే మండుతుంది.

ఇంత సరంజామాకూ గండి కొట్టేది ఒక్కోసారి కందిరీగ. గాలి పీల్చే రంధ్రాల్లో మట్టిగూడు కడుతుంది. పక్షులు పుల్లలు తెచ్చి కుక్కుతాయి. జాలీ ఉన్నది అందుకే. జాలీ తుప్పు పట్టి ఊడిపోయిందా లేదా అని నిచ్చెనెక్కి చూసే మనిషి లేకపోతే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. గాలి కలవని చోట నురుగు పుట్టదు, సబ్బునీళ్లు మాత్రం కారతాయి. ప్రమాదాల మీద నివేదికలు లావుపాటివి వస్తాయి కానీ, అందులో ఈ నిచ్చెన మనిషికి దక్కే చోటు తక్కువ.

ఇక అసలు లెక్క. పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్ అని ఒక సంస్థ ఉంది. డిపోలకు అది పెట్టిన ప్రమాణం నంబరు 117. పైకప్పు బిగించి ఉన్న ట్యాంకులో పెట్రోలు ఉపరితలం ప్రతి చదరపు మీటరుకూ నిమిషానికి కనీసం 5 లీటర్ల ఫోము ద్రావణం అందాలని దాని నియమం. మొదట చెప్పుకున్న 20 మీటర్ల ట్యాంకు ఉపరితలం 314 చదరపు మీటర్లు. అంటే నిమిషానికి 1,570 లీటర్లు. ఇది ఆగకుండా 65 నిమిషాలు సాగాలి. మూడు పాళ్ల లెక్కన ద్రావకమే 3,000 లీటర్లకు పైగా సిద్ధంగా ఉండాలి. ఇది నురుగు మాట. గోడ చల్లబరచడానికి చదరపు మీటరుకు నిమిషానికి 3 లీటర్ల నీళ్లు కావాలి. ఈ ట్యాంకు గోడకే నిమిషానికి 2,260 లీటర్లు. నాలుగు గంటల నిల్వ ఉంచాలంటే 5 లక్షల 40 వేల లీటర్లు. పక్క ట్యాంకులు కూడా వేడెక్కుతాయి కనక వాటి నీళ్లు దీనికి అదనం. వేసవిలో బోర్లు ఎండే రంగారెడ్డి జిల్లాలాంటి చోట డిపోలో నిండుగా కనిపించే నీళ్ల ట్యాంకును చూసి ఎవరైనా దుబారా అనుకుంటే, వాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

నియమం ఇంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. మంట వేడికి నురుగు నిరంతరం చచ్చిపోతుంటుంది. చచ్చేదానికన్నా ఎక్కువ పడితేనే దుప్పటి పరుచుకుంటుంది. సగం మోతాదు కొడితే సగం మంట ఆరుతుందనుకోవడం పొరపాటు, అసలేమీ ఆరదు. తెచ్చిన ద్రావకమంతా ఆవిరైపోతుంది, గంట తరవాత మంట అలాగే ఉంటుంది, చేతిలో సరుకు ఉండదు. అనుభవం ఉన్న దళాధిపతి అందుకే ముందు గోడలు చల్లబరుస్తూ, కావలసినంత ఫోము చేరేదాకా ఆగుతాడు. బయట నిలబడి చూసే జనానికి అది చేతకానితనంలా కనిపిస్తుంది.

అలా ఆగి గెలిచిన సంఘటన అమెరికాలో ఉంది. 2001 జూన్ 7న లూసియానా రాష్ట్రం నార్కోలోని ఓరియన్ రిఫైనరీలో 270 అడుగుల వ్యాసం ఉన్న పెట్రోలు ట్యాంకు పిడుగుపడి అంటుకుంది. అంత పెద్ద ట్యాంకు మంటను అప్పటిదాకా ఎవరూ ఆర్పలేదు. పంపులు, గొట్టాలు, ఫోము సమకూర్చుకోవడానికే దాదాపు 12 గంటలు పట్టింది. అర్ధరాత్రి దాటాక ఒక్కసారిగా కొట్టారు. 65 నిమిషాల్లో మంట లొంగింది. ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డు కథా అంతే. 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున అక్కడి డిపోలో ట్యాంకు నిండి పొర్లి పేలుడు జరిగితే, ఫోము దాడి మొదలైంది మర్నాడు ఉదయం. అప్పటికి దేశం నలుమూలల నుంచీ సరుకు చేరింది. చివరికి 7 లక్షల 86 వేల లీటర్ల ద్రావకం ఖర్చయింది.

అంత పెద్ద మంట దాకా రానీయకుండా ఆపడం ఇంకా తెలివైన పని. పెద్ద పెట్రోలు ట్యాంకులకు కప్పు బిగించరు. సరుకు మీద తేలుతూ, మట్టంతో పాటు లేస్తూ దిగే కప్పు పెడతారు. కప్పుకీ గోడకీ మధ్య చుట్టూ సందు ఉంటుంది, దాన్ని సీలుతో మూస్తారు. పిడుగుపడితే మంట మొదట పుట్టేది ఆ సీలు దగ్గరే. ఇక్కడ లెక్క చూడండి. 60 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో సీలు చుట్టూ చిన్న అడ్డుగోడ కట్టి, ఆ రింగులోనే నురుగు పోస్తే నిమిషానికి సుమారు 1,360 లీటర్ల ద్రావణం చాలు. ఆ మంటను పట్టించుకోక కప్పు మునిగిపోయి ఉపరితలమంతా అంటుకుంటే కావలసింది, అలాంటి మంటకు పెట్టిన ఎక్కువ మోతాదు లెక్కన, నిమిషానికి 22,900 లీటర్లు. పదహారు రెట్లకు పైన. అందుకే సీలు చుట్టూ వేడిని పసిగట్టే తీగలు పెట్టి, మనిషి చూసేలోపే నురుగు విడిచే ఏర్పాటు చేస్తారు. ఫోము మీద పెట్టే డబ్బులో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు ఇదే.

పిడుగు మాట ఊహ కాదు. 2017 అక్టోబరు 6న ముంబయి రేవులోని బుచర్ దీవిలో భారత్ పెట్రోలియం డీజిలు ట్యాంకు పిడుగుతో అంటుకుని రోజుల తరబడి మండింది. 2025 సెప్టెంబరు 7న విశాఖపట్నంలో ఈస్ట్ ఇండియా పెట్రోలియం సంస్థ నిల్వ కేంద్రంలోనూ పిడుగే ట్యాంకును ముట్టించింది. అక్కడ సిబ్బంది నురుగు కొట్టి ఆర్పారు, ప్రాణాలు పోలేదు. అంతకుముందు 2016 ఏప్రిల్ 26 సాయంత్రం దువ్వాడ ఆర్థిక మండలిలోని బయోమాక్స్ కర్మాగారంలో బయోడీజిలు ట్యాంకులు ఒకదాని వెంట ఒకటి అంటుకున్నాయి. రాత్రంతా నగరం నుంచి ఎర్రటి ఆకాశం కనిపించింది. నౌకాదళం బండ్లు కూడా రావలసి వచ్చింది. ఒక ట్యాంకు మంట పక్కదాన్ని ముట్టించాక ఏ లెక్కా నిలవదని తెలుగునేల మీద చూపిన సంఘటన అది.

విశాఖ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది 1997. ఆ ఏడాది సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో, ఓడ నుంచి వంటగ్యాసు దించుతుండగా లీకైంది. నేలబారున పరుచుకున్న ఆవిరి మేఘం అంటుకుని పేలింది. గ్యాసు గోళాలు పేలాయి, మంటలు పెట్రోలియం ట్యాంకులకు పాకాయి. సుమారు 60 మంది చనిపోయారు. జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. నురుగు గురించి మాట్లాడేటప్పుడు ఈ దుర్ఘటనను నిజాయితీగా చెప్పుకోవాలి. ఒత్తిడితో చిమ్మే గ్యాసు మంటకు నురుగు పనికిరాదు. పరిచే ఉపరితలమే అక్కడ లేదు. ట్యాంకులకు పాకిన మంటల దగ్గరే దానికి పని ఉంటుంది, ఆపాటికి ఆలస్యమైపోయింది.

జైపూర్‌లో ఇంకో రకం పాఠం దొరికింది. 2009 అక్టోబరు 29 సాయంత్రం సీతాపుర ఇండియన్ ఆయిల్ డిపోలో, పక్క సంస్థకు పెట్రోలు పంపడానికి వాల్వులు తిప్పుతుండగా సరుకు బయటికి చిమ్మింది. గంటకు పైగా కారి, ఆవిరి మేఘమై పేలింది. 11 మంది పోయారు, 11 ట్యాంకులు తగలబడ్డాయి. పేలుడుకు మంటలార్పే ఏర్పాట్లే దెబ్బతిన్నాయి. సరుకు ఉన్నంతవరకూ మండి ఆరిపోనివ్వడం తప్ప దారి లేకపోయింది, అందుకు 11 రోజులు పట్టింది. హిందుస్థాన్ పెట్రోలియం మాజీ ఛైర్మన్ ఎం.బి. లాల్ నాయకత్వంలో వేసిన కమిటీ చేసిన సిఫారసుల్లో ఒకటి గమనించదగ్గది. డైకు లోపల మధ్యస్థంగా పొంగే రకం నురుగు యంత్రాలు పెట్టాలని చెప్పింది. అది మంట ఆర్పడానికి కాదు. నేలమీద పారిన పెట్రోలు ఇంకా అంటుకోకముందే దాని మీద నురుగు కప్పి ఆవిరి లేవకుండా చేయడానికి. ఆ సాయంత్రం ఆ గంటలో కావలసింది సరిగ్గా అదే.

ముడిచమురు, బరువైన ఇంధన నూనెల సంగతి వేరు. చాలాసేపు మండితే వేడిపొర మెల్లగా కిందికి దిగుతుంది. ట్యాంకు అడుగున ఎప్పుడూ కొంత నీరు ఉంటుంది. వేడి దాన్ని తాకగానే నీరు ఆవిరై 1,700 రెట్లు ఉబ్బి, మండుతున్న నూనెనంతా ఎగజిమ్ముతుంది. 1982 డిసెంబరు 19న వెనిజులాలోని టకోవాలో అలా జరిగి 150 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మంటలార్పడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఫోము కోసం ఆగవచ్చు కానీ ఎంతసేపైనా ఆగవచ్చని కాదు.

ఇప్పుడు డిపోల్లో కొత్త చుట్టం ఇథనాల్. పెట్రోల్లో 20 శాతం దాకా కలుపుతున్నారు. కలపడానికి ముందు దాన్ని డిపోలోనే వేరే ట్యాంకులో నిల్వ చేస్తారు. ఇథనాల్ నీటితో కలిసిపోయే రకం. మామూలు ఫోము దాని మీద పడితే బుడగల్లోని నీటిని అది లాగేసుకుంటుంది, నురుగు కళ్లముందే కరిగిపోతుంది. దానికి ఆల్కహాలును తట్టుకునే ప్రత్యేకమైన ఫోము కావాలి. నురుగుకీ ఇథనాల్‌కీ మధ్య జిగురుపొరలా ఏర్పడి అది కాపాడుతుంది. గోదాములో డ్రమ్ములు నిండుగా ఉన్నాయని సంతోషపడితే చాలదు, వాటి మీద ఏం రాసి ఉందో చదవాలి.

ఆ డ్రమ్ముల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. 1960ల నుంచి రాజ్యమేలిన ఫ్లోరిన్ ఫోములు మంటకు గొప్ప మందు, మట్టికీ నీటికీ విషం. అవి ప్రకృతిలో విరిగిపోవు. బన్స్‌ఫీల్డులో వాడినదాని ఆనవాళ్లు భూగర్భ జలాల్లో బయటపడ్డాయి. ఈ ఫోముల్లో ఉండే పీఎఫ్ఓఎస్ అనే రసాయనాన్ని 2009లో స్టాక్‌హోం ఒప్పందం ఆంక్షల జాబితాలో చేర్చింది. అమెరికా కంపెనీ త్రీఎం దాన్ని మానేస్తానని 2000లోనే ప్రకటించింది. ఇప్పుడు ఫ్లోరిన్ లేని ఫోములు వస్తున్నాయి. పాత డ్రమ్ము తీసి కొత్తది పెట్టేస్తే సరిపోదు. వీటి చిక్కదనం వేరు, కలిపే పరికరం కొలత మార్చాలి, మోతాదు పెంచాల్సి రావచ్చు. ఎప్పటికైనా మార్చక తప్పదు. ఈలోగా శిక్షణకు నిజమైన ఫ్లోరిన్ ఫోము కొట్టి కాలువలోకి వదలడం మాత్రం మానుకోవాలి. చెరువుల మీద బతికే ప్రాంతాల్లో ఇది ఇంకా ముఖ్యం.

చివరగా ఔటర్ పక్కన, సాగర్ రోడ్డు పక్కన ఉండేవాళ్లకు ఒక మాట. ట్యాంకరు బోల్తా పడి పెట్రోలు కారుతుంటే బకెట్లు, క్యాన్లు పట్టుకుని పోవద్దు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర అలా పట్టుకోబోయి 200 మందికి పైగా కాలిపోయారు. బండి స్టార్టు చేయొద్దు, సిగరెట్టు, సెల్‌ఫోను బయటికి తీయొద్దు. గాలి వీచే దిక్కుకు ఎదురుగా దూరం జరిగి 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. పెట్రోలు ట్యాంకరు అని స్పష్టంగా చెప్పండి, ఫోము ఉన్న బండి పంపుతారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి మంట లేకపోయినా రోడ్డు మీద తెల్లగా నురుగు పరిస్తే, అంతా అయిపోయిందనుకుని దాని మీద నడవొద్దు, బండి తోలొద్దు. కాలు పడిన చోట దుప్పటి చిరుగుతుంది, కింద పెట్రోలు ఇంకా ఉంటుంది.